కువైట్‌లో ఇంటి పనికి వెళ్తే రోజులు ఎలా గడుస్తాయి: ఒక చెల్లెమ్మ ప్రశ్నకు జవాబు

మలికిపురం దగ్గర నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. వయసు 34, చదువు ఎనిమిదో తరగతి, బడికెళ్ళే పిల్లలు ఇద్దరు. కువైట్‌లో వంటపని ఉందని, నెలకి 120 దినార్లని ఏజెంటు చెబుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద వెళ్ళిపోతే అక్కడే మార్పిస్తానంటున్నాడు, లక్షన్నర కట్టమంటున్నాడు. అక్కడ రోజు ఎలా గడుస్తుంది, పిల్లలతో మాట్లాడనిస్తారా, ఏం పట్టుకెళ్ళాలి, చేతిలో ఎంత మిగులుతుంది అని అడిగింది.

నాది రాజోలు వైపేనండి. కువైట్‌లో చాలా ఏళ్ళు వంటమనిషిగా చేసి వచ్చేశాను. ఇప్పుడు మా వైపు నుంచి వెళ్ళేవాళ్ళ కాగితాలు చూసిపెడుతుంటాను. మీరు అడిగిన వరస మార్చి, ముందు వీసా సంగతి చెబుతాను. ఎందుకంటే అక్కడ మీ రోజు ఎలా ఉంటుందో సగం ఇక్కడే, విమానం ఎక్కకముందే తేలిపోతుంది.

విజిట్ వీసా మీద పనికి వెళ్ళకండి. ఇందులో బేరం లేదు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి కువైట్ ఇచ్చేది 20వ నంబరు వీసా, ఖాదిం వీసా అంటారు. కంపెనీ వాళ్ళది 18వ నంబరు. మీరు పదో తరగతి పాసవలేదు కాబట్టి మీ పాస్‌పోర్టు ఈసీఆర్ (వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి) కిందకి వస్తుంది. అంటే మీ జీతం, పని, యజమాని వివరాలు ఇ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఎక్కి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు అనుమతి ఇచ్చాకే మీరు కదలాలి. హైదరాబాద్‌లో ఆ ఆఫీసు ఒకటి ఉంది. ఈసీఆర్ ఆడవాళ్ళు ఇంటి పనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి, మీకు ఆ ఇబ్బంది లేదు. ప్రభుత్వం గుర్తించిన సంస్థల ద్వారానే వెళ్ళాలన్న నిబంధన కూడా ఉంది. ఏజెంటు విజిట్ వీసా అంటున్నాడంటే ఈ తనిఖీలన్నీ తప్పించడానికే. అలా వెళ్ళినవాళ్ళకి అక్కడ జీతం ఇవ్వకపోయినా ఫిర్యాదు చేయడానికి కాగితం ఉండదు. పైగా తప్పు మనదే అవుతుంది.

లక్షన్నర సంగతి. లైసెన్సున్న ఏజెంటైనా సరే 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. కువైట్ చట్టమైతే ఇంటి పనిమనిషి దగ్గర అసలు డబ్బే తీసుకోకూడదంటుంది. ఆ లక్షన్నర మీరు మూడు రూపాయల వడ్డీకి తెస్తారనుకుందాం, మన ఊళ్ళలో తేలిగ్గా దొరికేది అదే. నెలకి 4,500 వడ్డీకే పోతుంది. దినారు 270 రూపాయలు అనుకుంటే 120 దినార్లంటే 32,400. పైకి బాగానే కనిపిస్తుంది. కానీ అసలు తీరేదాకా మీరు ఏజెంటుకీ వడ్డీ వ్యాపారికీ పని చేస్తున్నట్టే లెక్క. ఇంకో మాట, అక్కడ ఇంటి పనివాళ్ళకి కనీస జీతం 60 దినార్లని 2016లో పెట్టారు. నోటితో 120 అని చెప్పి కాగితం మీద 60 రాస్తే, గొడవ వచ్చిన రోజున లెక్కలోకి వచ్చేది ఆ 60 మాత్రమే. అంకె కాగితం మీద చూసుకోండి.

ఇక రోజు ఎలా గడుస్తుందన్నది. కువైట్ అనగానే అందరి కళ్ళకీ ఆ మూడు టవర్లు, సముద్రం పక్కన గల్ఫ్ రోడ్డు కనిపిస్తాయి. ఇంటి పనికి వెళ్ళినవాళ్ళకి మొదటి కొన్ని నెలలూ ఆ ఊరు కనపడదండి. ఊరంటే ఒక ఇల్లే. రెండు మూడు అంతస్తులు, పైన పనివాళ్ళ గది, బయట డ్రైవరు గది. పొద్దున్నే పిల్లల స్కూలుతో మొదలవుతుంది. మధ్యాహ్నం భోజనమే పెద్దది, రెండు మూడు గంటల మధ్య. ఒకే పెద్ద పళ్ళెంలో మాంసంతో వండిన అన్నం, మచ్‌బూస్ అంటారు. అది వచ్చేస్తే వంట సగం వచ్చేసినట్టే. తిన్నాక ఇల్లంతా పడుకుంటుంది. మళ్ళీ సాయంత్రం టీ, పిల్లల చదువులు, దివానియాకి, అంటే మగవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే గదికి, వచ్చే చుట్టాలకి టీలు, కాఫీలు. రాత్రి భోజనం ఆలస్యం, పడుకునేసరికి పదకొండు దాటుతుంది. మన ఊళ్ళో తొమ్మిదింటికి నిద్రపోయే వాళ్ళకి మొదట్లో కష్టమయ్యేది పని కంటే ఈ వేళలే.

కువైట్ చట్టం ప్రకారం, అది 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం, రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు ఇవ్వాలి. ఇది తెలుసుకుని వెళ్ళండి. అయితే ఇల్లు ఇల్లుకీ తేడా ఉంటుంది. మంచి ఇల్లు దొరికితే అమ్మమ్మగారిలా చూసుకునే ముసలావిడ ఉంటుంది. అలా లేని ఇంట్లో ఫ్రిజ్‌కి కూడా తాళం ఉంటుంది. రెండూ చూశాను. వారం సెలవు ఇవ్వని ఇళ్ళు చాలా ఉన్నాయి. మొదటి నెలలో గొడవ పడకుండా, మూడో నెలకి వాళ్ళు మీ వంటకి అలవాటు పడ్డాక అడగండి. కనీసం నెలకి రెండు శుక్రవారాలు అడిగి సాధించుకున్నవాళ్ళు ఉన్నారు.

రంజాన్ నెలలో రోజు తలకిందులవుతుంది. పగలు ఇల్లు నిద్రపోతుంది, సాయంత్రం ఇఫ్తార్ నుంచి తెల్లవారుజాము సహూర్ దాకా వంటగది ఆగదు. అప్పుడు పగలు మీరు కూడా పడుకోవాలి, ఆ మాట ముందే మేడమ్‌తో చెప్పుకోండి. ఉపవాసం లేకపోయినా బయట, నలుగురిలో తినడం తాగడం చేయకూడదు. దానికి జరిమానా, జైలు కూడా ఉన్నాయి. చలికాలంలో ఎడారిలో గుడారాలు వేసుకుని ఉండటం వాళ్ళకి పెద్ద సరదా. నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా ఆ సీజను. మనల్నీ తీసుకెళ్తారు. అక్కడ రాత్రి చలి మీరు ఊహించలేరు, జనవరిలో పది డిగ్రీల లోపుకి పడిపోతుంది. గల్ఫ్ అంటే ఎండే కదా అని స్వెట్టరు లేకుండా వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో.

ఎండ సంగతి మటుకు నిజమే. 2016 జులైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. మన రోహిణి కార్తె దాని ముందు చిన్నపిల్ల. బయట పనిచేసేవాళ్ళని జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు పని చేయించకూడదని రూలు పెట్టారు. ఇంట్లో ఏసీ ఉంటుంది కానీ, వంటగదిలోనూ మీ గదిలోనూ ఉందో లేదో అడగండి. ఒక చిట్కా చెబుతాను: ఎండాకాలంలో మేడ మీద ట్యాంకు నీళ్ళు కాగిపోయి కుళాయిలోంచి పొగలు కక్కుతూ వస్తాయి. అప్పుడు గీజర్ స్విచ్ కట్టేసి వేడినీళ్ళ కుళాయి తిప్పుతారు. ఇంట్లో నీడన ఉన్న గీజర్‌లో నీళ్ళే చల్లగా ఉంటాయి. వినడానికి వింతగా ఉంటుంది, స్నానానికి అదే దారి.

క్లోరెక్స్‌తో, అంటే బ్లీచ్ నీళ్ళతో, జాగ్రత్త. అక్కడ నేల, బాత్రూము, తెల్లబట్టలు అన్నిటికీ అదే. దాన్ని బాత్రూము కడిగే యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. మూసిన బాత్రూములో ఊపిరాడక పడిపోతారు. గ్లవ్స్ అడగండి, మొహమాట పడకండి.

పిల్లలతో మాట్లాడటం గురించి మీరు రెండుసార్లు అడిగారు, అర్థమైంది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు పడుకునే సమయం అక్కడ మూడున్నర అనుకుంటే మన ఊళ్ళో ఆరు. పిల్లలు బడి నుంచి వచ్చి ఉంటారు. ఆ గంట మీదీ వాళ్ళదీ అని మొదటి వారంలోనే పెట్టేసుకోండి. రాత్రి చేద్దామనుకుంటే మీ పని అయ్యేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. వాట్సాప్ కాల్స్ దుబాయ్‌లోలా ఆపేయరు, మామూలుగా పనిచేస్తాయి. సెలవుల లెక్క మటుకు కలవదు. అక్కడ సెలవు శుక్ర, శనివారాలు. మన పిల్లలకి ఆదివారం ఖాళీ, ఆ రోజు అక్కడ స్కూళ్ళు, ఆఫీసులు అన్నీ మొదలు, మీకు ఊపిరాడదు. ఫోను దగ్గర పెట్టుకోనివ్వాలన్న మాట ఒప్పందం చేసుకునేటప్పుడే అడగండి. ఫోను లాక్కునే ఇల్లు అని ముందే తెలిస్తే ఆ ఇల్లు వద్దు. ఎన్ని దినార్లిచ్చినా వద్దు.

ఇంటి బెంగ ఎప్పుడొస్తుందో చెబుతారు అందరూ, సంక్రాంతికి అని. సంక్రాంతి ఎలాగో గడిచిపోతుంది. జగ్గన్నతోట ప్రభలు, పందాలు అన్నీ స్టేటస్సుల్లో చూసేస్తాం. అంతర్వేది తీర్థం కూడా ఫోన్లోనే. నాకు అసలు టెన్షన్ జులై, ఆగస్టుల్లో ఉండేది. గోదావరి లంక ఊళ్ళలో పుట్టినవాళ్ళకి వరద సంగతి చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీరు పెరిగిందనగానే కువైట్‌లో వంటగదిలో నిలబడి ధవళేశ్వరం లెక్కలు చూసుకోవడమే. పది లక్షల క్యూసెక్కులు, మొదటి హెచ్చరిక. పదమూడు, రెండోది. పదిహేడు దాటితే మూడోది. 2022 జులైలో 25 లక్షలు కూడా దాటేసింది కదా. ఆ వారం మా వైపు ఆడవాళ్ళం ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. కరెంటు తీసేస్తే ఫోన్లు ఛార్జింగ్ ఉండవు, ఇంట్లో వాళ్ళు బాగానే ఉన్నా మనకి తెలియదు. అందుకని వెళ్ళేముందే మీ ఇంటి ఫోను కాకుండా, అమలాపురంలోనో, రాజమండ్రిలోనో ఉండే చుట్టాల నంబరు ఒకటి రాసుకోండి. వరదొస్తే పిల్లల్ని ఎవరింటికి తీసుకెళ్ళాలో కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇది ఏ ఏజెంటూ చెప్పడు, ఏ శిక్షణలోనూ చెప్పరు.

చేప దగ్గరకొస్తే, అక్కడ సుబూర్ అని ఒక చేప అమ్ముతారు. అది మన పులస జాతే. మనది వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చినట్టే అది ఇరాక్ వైపు నదిలోకి ఎక్కుతుంది. వాళ్ళు నిప్పుల మీద కాలుస్తారు. నేనొకసారి బెండకాయలు వేసి మన పద్ధతిలో పులుసు పెట్టాను. ఇంట్లో పిల్లలు ముట్టుకోలేదు, మలయాళీ డ్రైవరూ నేనూ మర్నాటిదాకా తిన్నాం. బాగానే ఉంది. పులస అని మటుకు అనలేను. చందువ అక్కడ జుబేదీ, దానికి వాళ్ళిచ్చే గౌరవం మనం పులసకిచ్చినంత.

సెలవు దొరికితే శుక్రవారం ఎక్కడికెళ్ళాలి? చాలామంది కువైట్ సిటీకి, ముర్గాబ్, మాలియా వైపు వస్తారు. ఇండియా సరుకుల కొట్లు, డబ్బు పంపే ఎక్స్‌ఛేంజీలు అన్నీ అక్కడే. చర్చికి వెళ్ళేవాళ్ళకి సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగు ఆరాధన జరుగుతుంది, మన గోదావరి జిల్లాల వాళ్ళు బాగా కనిపిస్తారు. కడప, రాయచోటి వైపు వాళ్ళు ఇంకా ఎక్కువ. నలుగురు తెలుగువాళ్ళ నంబర్లు దొరికే చోటు అదే.

అదే చోట ఇంకో రకం మనుషులు కూడా ఎదురవుతారు. "మీ ఇంట్లో 120యే ఇస్తున్నారా, మా ఎరుకలో 180 ఇచ్చే ఇల్లుంది, వచ్చేయి" అంటారు. ఆ మాట విని ఇల్లు వదిలిపెట్టి వెళ్ళిపోతే మీ కఫీల్, అంటే మీకు వీసా ఇచ్చిన యజమాని, పారిపోయిందని కేసు పెడతాడు. అక్కడి నుంచి మీ ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, చెల్లదు. ఖల్లివల్లి అయిపోయారు అంటారు మనవాళ్ళు. ఆస్పత్రికి వెళ్ళాలన్నా భయం, రోడ్డు మీద పోలీసు కనిపించినా భయం, ఊరికి రావాలంటే ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించేదాకా ఎదురుచూపు. 2024లో అలాంటి అవకాశం ఇస్తే ఎన్నేళ్ళ నుంచో ఇరుక్కుపోయినవాళ్ళు బయటపడ్డారు. 20వ నంబరు వీసా మీద ఉన్నవాళ్ళు వేరే చోట పనిచేయడం నేరం, 180 ఇచ్చేవాడికి ఆ సంగతి తెలుసు. మూడో నెల నుంచి వాడు ఏమీ ఇవ్వకపోయినా మీరు నోరెత్తలేరు.

నిజంగా ఉండలేని ఇల్లయితే, కొడుతుంటే, జీతం ఆపేస్తే, వేరే ఇంటికి కాదు, నేరుగా ఇండియన్ ఎంబసీకి వెళ్ళండి. ఇబ్బందిలో ఉన్న ఆడవాళ్ళకి అక్కడ ఆశ్రయం ఉంది. ఇక్కడ నుంచి మీ ఇంట్లోవాళ్ళు మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. పోలీసుకైనా అంబులెన్సుకైనా నంబరు 112. అయితే ఫోను చేసి ఎక్కడున్నానని చెబుతారు? కువైట్‌లో అడ్రసు అంటే ఏరియా పేరు, బ్లాకు నంబరు, వీధి నంబరు, ఇంటి నంబరు. ప్రతి ఇంటి గోడకీ ఒక పలక మీద ఆ ఇంటి ప్రత్యేక నంబరు ఉంటుంది. వెళ్ళిన మొదటి రోజే అదంతా ఫొటో తీసి మీ అక్కకో చెల్లికో పంపండి, మీరూ బట్టీ పట్టండి. పాస్‌పోర్టు, వీసా, అక్కడ ఇచ్చే సివిల్ ఐడీ ఫొటోలు కూడా. పాస్‌పోర్టు మీ ఇష్టం లేకుండా యజమాని దగ్గర పెట్టుకోకూడదని చట్టంలో ఉంది, ఇళ్ళలో మటుకు పెట్టుకుంటూనే ఉంటారు. దాని కోసం మొదటి రోజే దెబ్బలాడమని నేను చెప్పను. సివిల్ ఐడీ మాత్రం మీ చేతిలోనే ఉండాలి.

డబ్బు. తిండి, గది యజమానివే కాబట్టి మీ ఖర్చు ఫోను, సబ్బులు, శుక్రవారం బస్సు, అంతే. పది దినార్ల లోపు పెట్టుకుని మిగతాది పంపవచ్చు. ఎక్కడికి పంపుతారన్నదే అసలు ప్రశ్న. మా వీధిలోనే చూశాను, పన్నెండేళ్ళు మొగుడి ఖాతాకి పంపి వచ్చిన మనిషికి స్లాబు వేయని ఇల్లు, తీరని డ్వాక్రా వాయిదాలు మిగిలాయి. ఆయన చెడ్డవాడేం కాదు, అడిగినవాడికల్లా చేబదులిచ్చాడు. ఇకామా వచ్చాక మీ పేరు మీద ఎన్‌ఆర్‌ఈ ఖాతా, అంటే విదేశంలో ఉండేవాళ్ళకి మన బ్యాంకులిచ్చే ఖాతా, తెరవండి. దాని మీద వడ్డీకి ఇండియాలో ఆదాయపన్ను లేదు. ఇంటి ఖర్చుకి నెలకి ఇంత అని ఆయన ఖాతాకి, మిగతాది మీ ఖాతాకి. మొదటి నెల నుంచే అలా మొదలుపెట్టండి. మధ్యలో మారిస్తే అనుమానపడుతున్నావా అని గొడవలొస్తాయి. స్థలం కొంటే మీ పేరు మీదే రాయించుకోండి. బ్యాంకు లేకుండా చేతి మీద డబ్బు పంపే హుండీ వాళ్ళు రూపాయో రెండో ఎక్కువిస్తామంటారు, వద్దు, రసీదు లేని డబ్బు పోతే ఏడ్చి లాభం లేదు.

సామాను తక్కువ పెట్టుకోండి. ఆవకాయ పట్టుకెళ్ళండి, బాగా ప్యాక్ చేయించి. ఎండు రొయ్యలు చాలామంది తెస్తారు, ఇంట్లో ఆ వాసనకి మేడమ్ ఏమంటుందో మటుకు ముందు తెలియదు. సోనామసూరి అక్కడ కొట్లలోనే దొరుకుతుంది, మోయకండి. గసగసాలు చిటికెడు కూడా వద్దు, మసాలా పొడిలో కలిపినవి కూడా వద్దు. గల్ఫ్ దేశాల్లో అవి మత్తుమందుల కింద లెక్క. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు కూడా అంతే. ఎవరైనా ఎయిర్‌పోర్టులో మా అన్నయ్యకి ఇవ్వమని పొట్లం ఇస్తే తీసుకోకండి, చుట్టాలైనా సరే. బీపీ, షుగర్ మాత్రలుంటే డాక్టరు చీటీతో పాటు తీసుకెళ్ళండి. పన్ను నొప్పి, కళ్ళజోడు లాంటివి వెళ్ళేముందే చూపించుకోండి.

బీమా మర్చిపోకండి. ఈసీఆర్ వాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో ఏదైనా జరిగితే 10 లక్షలు వస్తాయి, రెండేళ్ళకి ప్రీమియం 275 రూపాయలు. పాలసీ కాగితం ఇంట్లో ఉంచి వెళ్ళండి. 2024 జూన్‌లో కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే బిల్డింగు తగలబడి 40 మందికి పైగా మనదేశం వాళ్ళు చనిపోయారు, అందులో పశ్చిమగోదావరి వాళ్ళు కూడా ఉన్నారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. కాగితం ఎక్కడుందో తెలియక ఇంటివాళ్ళు తిరగకూడదని చెబుతున్నాను.

తిరిగి వచ్చేసేటప్పుడు, పనిచేసిన ఒక్కో ఏడాదికి ఒక్కో నెల జీతం లెక్కన యజమాని ఇవ్వాలి. చాలామందికి అది ఉందనే తెలియదు. టికెట్ చేతికొచ్చాక కాదు, రెండు నెలల ముందే ఆ మాట ఎత్తండి.

ఇప్పుడు మీ ఏజెంటు దగ్గరకెళ్ళి మూడు అడగండి: 20వ నంబరు వీసా కాపీ, ఇ-మైగ్రేట్‌లో ఎక్కిన ఒప్పందం, అతని లైసెన్సు నంబరు. ఆ నంబరు ఇ-మైగ్రేట్ సైటులో ఉందో లేదో మీ పిల్లలైనా ఫోన్లో చూసి చెబుతారు. అవి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా అప్పు తేకండి, పాస్‌పోర్టు అతని చేతిలో పెట్టకండి. ఒప్పందం కాపీ చేతికొస్తే ఇక్కడే పెట్టండి, పేర్లు, నంబర్లు చెరిపేసి. జీతం, సెలవు, ఫోను గురించి ఏం రాశారో చదివి చెబుతాను.